లైకెన్ల మీద పరిశోధనతో కెరీర్ నిలబడుతుందా? డీఎన్ఏ వచ్చాక కూడా లెన్సు అవసరమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాటనీలో ఎమ్మెస్సీ అయింది, వయసు 27, రాళ్ల మీద, చెట్ల బెరళ్ల మీద పెచ్చుల్లా, ఆకుల్లా పెరిగే లైకెన్ల మీద పనిచేసే శాస్త్రవేత్త కావాలని ఉంది. ఈ ఒక్క సబ్జెక్టును నమ్ముకుంటే కెరీర్ నిలబడుతుందా? ఆ శాస్త్రవేత్తలు రోజూ చేసే పనేమిటి? డీఎన్ఏ పరీక్షలు వచ్చాక కూడా లెన్సు పట్టుకుని రాళ్లూ బెరళ్లూ చూస్తూ కూర్చోవాలా? వీటితో పాటు, ఇప్పటికే ఆలస్యమైపోయిందేమోనన్న టెన్షన్.

సూటిగా చెప్తాను. నిలబడుతుంది. కాకపోతే "లైకెన్ శాస్త్రవేత్త కావలెను" అనే ప్రకటన దాదాపు ఎక్కడా కనబడదు. హెర్బేరియం (ఎండబెట్టిన నమూనాలను భద్రపరిచే చోటు), శిలీంధ్ర శాస్త్రం, అడవుల జీవావరణం, గాలి కాలుష్యం, ఇలా వేరే పేరున్న పోస్టులో చేరి లోపల లైకెన్ల పని చేస్తాం. నేను 22 ఏళ్లుగా చేస్తున్నది అదే. ఇక డీఎన్ఏ సంగతి. దానివల్ల లెన్సు అవసరం తగ్గలేదు, పెరిగింది. నమూనాను చూసి పేరు చెప్పగలగాలి, మీరు చెప్పిన పేరును ఇతరులు నమ్మగలగాలి. ఈ రంగంలో మన ఆస్తి అదే. మిగతావన్నీ దాని మీద కట్టుకునేవే. ఎందుకో వివరంగా రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు చాలామంది పట్టించుకోని ఒక విషయం. లైకెన్ అంటే ఒక్క జీవి కాదని మీకు తెలుసు. శిలీంధ్రం ఒకటి, దానితో కలిసి శైవలమో (ఆల్గే) సయనోబ్యాక్టీరియానో (ఎండతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా), కొన్నిట్లో రెండూ ఉంటాయి. అయితే పేరు పెట్టే నియమాల ప్రకారం లైకెన్‌కి పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానిదే. లోపలి శైవలానికి వేరే పేరు ఉంటుంది. అంటే మీరు బాటనీ చదివి వచ్చినా, చేయబోయే పని శిలీంధ్ర శాస్త్రం లెక్కలోకి వస్తుంది. ఫెలోషిప్పులు, పోస్టులు వెతికేటప్పుడు మైకాలజీ అన్న మాటతో కూడా వెతకండి. నా దగ్గర చదివిన ఒకరు రెండేళ్లు బాటనీ ప్రకటనలే చూస్తూ నిరాశపడ్డారు. చివరికి ఉద్యోగం దొరికింది ఒక శిలీంధ్రాల సేకరణ విభాగంలో. ఆ విభాగంవాళ్లు లైకెన్లు తెలిసిన మనిషి కోసం అప్పటికే చాలాకాలంగా చూస్తున్నారు.

రోజూ చేసే పని గురించి. బయటివాళ్లు మమ్మల్ని కొండలెక్కి తిరిగేవాళ్లుగా ఊహించుకుంటారు. నా ఏడాదిలో ఫీల్డు రోజులు 40 దాటవు. మిగతా కాలమంతా బల్ల దగ్గరే గడుస్తుంది. ఫీల్డులో చేతికి పనిచెప్పేవి కొద్ది వస్తువులే: పది రెట్లు పెద్దగా చూపే లెన్సు, ఉలి, సుత్తి, చాకు, కాగితం కవర్లు, పెన్సిలు. ఆకుల్లా పరుచుకున్నవీ పొదల్లా వేలాడేవీ చేత్తోనే వస్తాయి. రాయికి పెచ్చులా అతుక్కున్న క్రస్టోజ్ రకాలను మాత్రం రాతి పలుకుతో సహా తీయాలి. ఉలిని నిటారుగా పెట్టి కొడితే నమూనా పొడైపోతుంది. రాతి అంచు చూసుకుని, ఉలిని పక్కకు వాల్చి, చిన్న దెబ్బలతో పలుచటి పలుకు లేపాలి. ఇది పుస్తకం చదివితే రాదు, పాతిక రాళ్లు పాడుచేశాక వస్తుంది.

కవరు మీద ఏం రాస్తామన్నది నమూనా అంత ముఖ్యం. రాయా, బెరడా, మట్టా? రాయైతే సున్నపురాయా, గ్రానైటా? ఎండ పడే వైపా, నీడ వైపా? నేల నుంచి ఎంత ఎత్తు? పక్కన ఇంకేం పెరుగుతున్నాయి? ఇవన్నీ అక్కడికక్కడ రాయాలి, సాయంత్రం గుర్తుచేసుకుని రాస్తే తప్పులు దొర్లుతాయి. మొదటిసారి సొంతంగా ఫీల్డుకి వెళ్లినప్పుడు వానపడుతోందని 60 నమూనాలను ప్లాస్టిక్ కవర్లలో వేశాను. మూడు రోజుల తర్వాత తెరిచి చూస్తే వాటిమీద తెల్లటి బూజు. హెర్బేరియానికి పనికొచ్చినవి 11. ఆ 49 ఖాళీలు ఇప్పటికీ నా రిజిస్టర్లో ఉన్నాయి. కాగితం తప్ప వేరే కవర్లో లైకెన్ వేయకండి. గాలికి ఆరనివ్వండి, ఆరాక పురుగు రాకుండా కొన్నాళ్లు ఫ్రీజర్లో పెట్టి తీయండి, తర్వాతే భద్రం చేయండి.

తర్వాత మైక్రోస్కోపు. బ్లేడుతో చేత్తోనే కోత కోస్తాం. అపోథీసియం అంటే చిన్న గిన్నెలాగో బొత్తంలాగో కనిపించే ఫలనాంగం. చాలావాటిల్లో దాని వెడల్పు ఒక మిల్లీమీటరు లోపే. దాన్ని నిలువుగా పలుచగా కోసి, నీటి చుక్కలో పెట్టి, పొరల రంగు చూసి, సిద్ధబీజాలు (స్పోర్లు) కొలుస్తాం. ఒక నమూనాకి కనీసం 20 సిద్ధబీజాలు కొలవందే నేను పేరు రాయను. బీజాల గోడలు ఎన్ని, రంగుందా లేదా, అయోడిన్ వేస్తే బీజాలుండే సంచి కొన నీలం తిరుగుతుందా, ఇలా ఒక్కో లక్షణం పట్టుకుని నడవాలి. మొదట్లో ఒక నమూనాకి రెండు రోజులు పట్టినా కంగారుపడకండి. ఇప్పటికీ నాకు వారం పట్టేవి ఉన్నాయి.

రంగు పరీక్షల గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఈ సబ్జెక్టు నన్ను పట్టేసింది అక్కడే. లైకెన్లలోని శిలీంధ్రాలు తయారుచేసే రసాయనాల్లో చాలావరకు ఇంకెక్కడా దొరకవు. పరీక్షలో ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేస్తాం, దాన్ని 'కె' అంటాం. బ్లీచ్ ద్రావణాన్ని 'సి' అంటాం. పారాఫినైలిన్‌డయమీన్ 'పి'. బూడిదరంగు లైకెన్ ఒకటి తీసుకుని పైపొరను బ్లేడు కొసతో గీకి, లోపలి తెల్లటి మెడుల్లా మీద సన్నని గాజు గొట్టంతో కె చుక్క పెట్టండి. నార్‌స్టిక్టిక్ ఆమ్లం ఉన్నదైతే మొదట నిమ్మపండు పసుపు కనిపిస్తుంది. లెన్సు తీయకుండా చూస్తూనే ఉండండి. అర నిమిషంలోనో, ఇంకొంచెం ఆగితేనో ఆ పసుపు అంచుల నుంచి నారింజకు, అక్కణ్నుంచి నెత్తురు ఎరుపుకు తిరుగుతుంది. అదే పని మైక్రోస్కోపు కింద, కవర్‌స్లిప్ లోపల చేస్తే ఎర్రటి సూదుల్లాంటి స్ఫటికాలు గుత్తులు గుత్తులుగా పుట్టుకొస్తాయి. ఎన్ని వందలసార్లు చూశానో లెక్కలేదు, ఇప్పటికీ ఆ సూదులు కనబడితే చేస్తున్న పని ఆపి చూస్తాను. నారింజరంగు జాంథోరియా పారియెటినా మీద ఇదే చుక్క వేస్తే ముదురు ఊదా ఎరుపు వస్తుంది, దానిలోని పారియెటిన్ వల్ల. నీడలో పెరిగిన జాంథోరియాలో పారియెటిన్ తక్కువ, అది బూడిద పచ్చగా ఉంటుంది. రంగు చూసి పేరు చెప్పేస్తే దెబ్బతినేది ఇలాంటిచోటే.

రెండు జాగ్రత్తలు. సి ద్రావణం నిలవుంటే బలం తగ్గిపోతుంది. పాత సీసాతో చూసి రంగు రాలేదని రాసుకుంటే, లక్షణం లైకెన్‌లో లేదని కాదు, సీసాలో సత్తువ లేదని. ప్రతి ఉదయం ఎరుపు తప్పక రావాల్సిన ఒక తెలిసిన నమూనా మీద వేసి చూశాకే పని మొదలుపెట్టండి. ఇక పి విషపదార్థం, చర్మానికి గట్టి అలర్జీ తెస్తుంది. చేతి తొడుగులు లేకుండా, గాలి ఆడని గదిలో దాన్ని ముట్టుకోకండి. హెర్బేరియం నమూనా మీద నేరుగా పోయకండి. చిన్న తునక విడదీసి దానిమీద చేయండి.

ఈ కె, సి పరీక్షలను లైకెన్ల పనిలోకి తెచ్చినవారు ఫిన్లండుకు చెందిన విలియం నైలాండర్, 1866లో. అదే ఏడాది ఆయన ఇంకో ముఖ్యమైన మాట రాశారు. పారిస్‌లో లక్సెంబర్గ్ తోటలో కనబడే లైకెన్లు నగరంలో ఇతరచోట్ల కనబడటం లేదని, గాలి ఎంత శుభ్రంగా ఉందో లైకెన్లను బట్టి చెప్పవచ్చని. ఒకే మనిషి ఒకే ఏడాదిలో రెండు దారులు వేశారు. కానీ ఆ మరుసటి ఏడాది, 1867లో, స్విట్జర్లండు శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ లైకెన్ అంటే శిలీంధ్రమూ శైవలమూ కలిసిన జంట అని చెబితే, నైలాండర్ ససేమిరా ఒప్పుకోలేదు. జీవితాంతం వ్యతిరేకిస్తూనే ఉన్నారు. నా విద్యార్థులకు ఈ సంగతి మొదటి వారంలోనే చెప్తాను. నైలాండర్ కన్నుకి వంక పెట్టలేం, వేల నమూనాలు చూసిన మనిషి. ఆయన పరీక్షలు ఇవాళ్టికీ మన బల్ల మీద ఉన్నాయి. అయినా ఆ లైకెన్ అసలు ఏమిటన్న చోట ఆయన పొరపడ్డారు.

రంగు పరీక్షతో సందేహం తీరకపోతే టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) చేస్తాం. తునకను అసిటోన్‌లో నానబెట్టి, ఆ రసాన్ని సిలికా ప్లేటు మీద చుక్కలుగా పెట్టి, ద్రావణిని పైకి పాకనిస్తే ఒక్కో రసాయనం ఒక్కో ఎత్తులో ఆగుతుంది. చికీటా కల్బర్సన్, హోర్దుర్ క్రిస్టిన్సన్ 1970లో దీనికి ఒక ప్రామాణిక పద్ధతి ఏర్పరిచారు. అట్రనోరిన్, నార్‌స్టిక్టిక్ ఆమ్లం చుక్కలను కొలబద్దగా పెట్టుకుని మిగతావాటి స్థానం చెప్పే ఆ పద్ధతినే నేటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. ఈ పని చేతికి వస్తే ఏ ల్యాబులోనైనా మీకు చోటు దొరుకుతుంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, డీఎన్ఏ. నాకు ఎదురైన ఒక కేసు చెప్తాను. ఒక ల్యాబు నుంచి నాకు ఒక డీఎన్ఏ సీక్వెన్స్ (డీఎన్ఏలోని అక్షరాల వరుస) పంపారు. రాతి మీద పెరిగే ఒక మామూలు క్రస్టోజ్ లైకెన్, కానీ సీక్వెన్స్ దగ్గరి బంధువులు దేనితోనూ కలవడం లేదు. కొత్త ప్రజాతి (జీనస్) అయ్యుంటుందని వాళ్లు సంబరంగా ఉన్నారు. నమూనా తెప్పించుకుని లెన్సు కింద పెడితే, థాలస్ (లైకెన్ దేహం) మీద అక్కడక్కడా మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. అవి ఆ లైకెన్‌వి కావు. దానిమీద పెరుగుతున్న వేరే శిలీంధ్రానివి. లైకెన్ల మీద బతికే శిలీంధ్రాలు రెండు వేలకు పైగా రకాలున్నాయి. వాళ్లు తునక తీసింది సరిగ్గా ఆ చుక్కలున్న చోట. యంత్రం తప్పు చేయలేదు, దానికి ఇచ్చింది చదివి పెట్టింది. శుభ్రమైన అంచు నుంచి మళ్లీ తునక తీయించాక మామూలు జాతే అని తేలింది.

ఇంకో ఇబ్బంది, డేటాబేసులో ఉన్న సీక్వెన్సులకు పేర్లు పెట్టింది మనుషులే. ఎవరో ఒకరు నమూనాను తప్పుగా గుర్తించి సీక్వెన్స్ పెట్టేస్తే, ఆ తప్పు తర్వాత వచ్చినవాళ్లందరికీ అంటుకుంటుంది. అందుకే హెర్బేరియంలో నమూనా లేని సీక్వెన్స్‌ను నేను సాక్ష్యంగా తీసుకోను.

అలాగని డీఎన్ఏని తక్కువ చేయడం లేదు. 2014లో రాబర్ట్ ల్యూకింగ్ బృందం చేసిన పని చూడండి. అమెరికా ఖండాల ఉష్ణమండలంలో ఒకే జాతిగా అందరూ రాసుకుంటూ వచ్చిన లైకెన్, డీఎన్ఏ చూశాక కనీసం 126 జాతులని తేలింది. తేలాక ఏం జరిగింది? ఆ నమూనాలన్నీ మళ్లీ బయటికి తీసి చూస్తే, చాలావాటికి రంగులో, అంచుల్లో, పెరిగే చోటులో నిజంగానే తేడాలున్నాయి. ఆ తేడాలు అంతకుముందూ అక్కడే ఉన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోలేదంతే. డీఎన్ఏ చెప్పాక మళ్లీ లెన్సు దగ్గరికే రావాల్సి వచ్చింది.

లైకెన్ శాస్త్రవేత్త టోబీ స్ప్రిబిల్ కథ ఇంకా బాగుంటుంది. చెట్లకు జడల్లా వేలాడే బ్రయోరియా లైకెన్లు రెండున్నాయి. ఒకటి గోధుమరంగు, ఇంకోటి వల్పినిక్ ఆమ్లం వల్ల పసుపుపచ్చ, విషపూరితం. చూపుకి వేరు వేరు జాతులు. కానీ వాటిలోని శిలీంధ్రం డీఎన్ఏ ఒకటే, శైవలమూ ఒకటే. ఎక్కువమంది అయితే "ఒకే జాతి, రంగు తేడా అంతే" అని ఫైలు మూసేసేవారు. స్ప్రిబిల్ మూయలేదు. రంగు అంత స్పష్టంగా వేరైనప్పుడు దానికి కారణం ఉండాలి కదా అని పట్టుకున్నారు. తెలిసిన శిలీంధ్రం, తెలిసిన శైవలం అన్న పరిధి దాటి మొత్తం జన్యు సమాచారంలో వెతికితే, పైపొరలో ఈస్టు రూపంలో మరో శిలీంధ్రం బయటపడింది. అది పూర్తిగా వేరే తెగది, బసిడియోమైసీటు, అంటే పుట్టగొడుగుల తెగ. పసుపు రకంలో అది ఎక్కువగా ఉంది. 2016లో ఆ పరిశోధన వచ్చాక, దాదాపు 150 ఏళ్లుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న "ఒక శిలీంధ్రం, ఒక శైవలం" అనే వాక్యాన్ని మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఈస్టు అన్ని లైకెన్లలోనూ లేదని, చాలావాటిల్లో కనబడటం లేదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. చర్చ నడుస్తూనే ఉంది. మీలాంటివాళ్లకు పని ఉన్నది ఇలాంటిచోటే. కంటికి కనబడిన తేడాను వదలకుండా పట్టుకోవడం, అవసరమైన పరికరం ఏదైతే అది వాడటం.

కెరీర్ నిలబడటానికి పేర్లు చెప్పగలిగితే చాలా? చాలదు. పేర్లు తెలియడం మీ పునాది, దానిమీద ఇతరులకు కూడా కావాల్సిన ఒక ప్రశ్న పెట్టుకోవాలి. నేను చూసినంతలో నిలబడినవాళ్లందరూ అలాంటి ప్రశ్న ఒకటి పట్టుకున్నవాళ్లే.

గాలి నాణ్యత అన్నిటికంటే పాత దారి, ఇప్పటికీ తెరిచే ఉంది. లైకెన్లకు వేళ్లు లేవు, ఆకుల మీద ఉండే మైనపు పొరా లేదు. గాలిలో, వాననీటిలో ఉన్నదంతా ఒళ్లంతా పీల్చుకుంటాయి, వదిలించుకోలేవు. డేవిడ్ హాక్స్‌వర్త్, ఫ్రాన్సిస్ రోజ్ 1970లో ఇంగ్లండు, వేల్స్‌లలో చెట్ల బెరళ్ల మీది లైకెన్లను బట్టి సల్ఫర్ డయాక్సైడ్ మోతాదు అంచనా కట్టే స్కేలు ఇచ్చారు. తర్వాత సల్ఫర్ తగ్గి, అమ్మోనియా సమస్య పైకి వచ్చింది. నత్రజనిని ఇష్టపడే జాంథోరియా లాంటివి పెరిగి, సున్నితమైనవి వెనక్కి తగ్గాయి. యూరప్‌లో 2014 నుంచి దీనికి ప్రామాణిక పద్ధతి ఉంది. చెట్టు కాండం మీద నేల నుంచి మీటరు ఎత్తున, నాలుగు దిక్కులా, పది సెంటీమీటర్ల గళ్లు ఐదు ఒకదానిమీద ఒకటి ఉన్న నిచ్చెనలాంటి చట్రం పెట్టి, ఏ గడిలో ఏ జాతి ఉందో లెక్కరాస్తారు. పని తేలిగ్గా కనిపిస్తుంది. కానీ గడిలో ఉన్న అర సెంటీమీటరు పిల్ల లైకెన్ ఏదో తెలియకపోతే ఆ లెక్కంతా తప్పే. పర్యావరణ అధ్యయనాలు చేసే సంస్థలకు అలాంటి మనిషి దొరకడం కష్టం.

1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఈ పీల్చుకునే గుణమే ఉత్తర స్కాండినేవియాలో పెద్ద దెబ్బ కొట్టింది. గాలిలో వచ్చిన రేడియోధార్మిక సీజియం లైకెన్లలో చేరింది, చలికాలంలో వాటిని మేసే రెయిండీర్లలోకి, అక్కణ్నుంచి వాటినే నమ్ముకుని బతికే సామీ ప్రజల దాకా వెళ్లింది. లైకెన్ల మీద పని ఎవరికి ఉపయోగమని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

నీరు, వాతావరణ మార్పు ఇంకో దారి. శైవలం ఉన్న లైకెన్లు చాలావరకు గాలిలో తేమతోనే మేలుకుని కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టగలవు. సయనోబ్యాక్టీరియా ఉన్నవాటికి నీటిచుక్క తగలాలి. ఒట్టో లాంగే బృందం 1980లలో చూపించిన ఈ తేడా వినడానికి చిన్నది. కానీ వానలు మారితే ఏ లైకెన్ ఎక్కడ మిగులుతుందో ఊహించడానికి చాలా ముందుకు తీసుకెళ్తుంది.

రాళ్ల వయసు కట్టడం మూడోది. రైజోకార్పన్ జియోగ్రాఫికమ్ అనే పసుపుపచ్చ క్రస్టోజ్ లైకెన్ ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. హిమానీనదం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ రాయి మీద అది ఎంత వెడల్పుందో కొలిచి, ఆ రాయి ఎప్పుడు బయటపడిందో అంచనా వేసే పద్ధతిని రోలండ్ బెషెల్ 1950లో ఆల్ప్స్‌లో మొదలుపెట్టారు. దీన్ని వాడేముందు మాత్రం ఆ ప్రాంతంలో పెరుగుదల వేగం తేదీ తెలిసిన రాళ్ల మీద కొలిచి తీరాలి. ఒకచోటి అంకె తెచ్చి ఇంకోచోట వాడకూడదు. ఈ నెమ్మదితనం కెరీర్‌కి ఎలా తగులుతుందో నా అనుభవం చెప్తాను. ఒక రాతి బండ మీద 36 థాలస్‌లకు నంబర్లు ఇచ్చి, ఏటా ఒకే రోజున పారదర్శక కాగితం వేసి అంచులు గీస్తూ వచ్చాను. మూడో ఏటికి రెండు గీతల మధ్య పెన్సిలు ముక్కు మందం తేడా కూడా లేదు. థీసిస్‌కి ఇచ్చే గడువులో ఆ డేటా ఏమీ చెప్పలేదు. తొమ్మిదో ఏట అది మాట్లాడటం మొదలైంది. అందుకని పీహెచ్‌డీకి పెరుగుదల కొలిచే అంశం ఒక్కటే పెట్టుకోకండి. దాన్ని పక్కన నడపండి, డిగ్రీ కోసం హెర్బేరియంలో ఇప్పటికే ఉన్న నమూనాలతో పూర్తయ్యే అంశం తీసుకోండి.

కష్టాలు దాచను. లైకెన్ల పత్రికలు చదివేవాళ్లు తక్కువ, కాబట్టి మన వ్యాసాలను ఉదహరించేవాళ్లూ తక్కువ. ఎంపిక కమిటీల్లో ఆ అంకెలే చూసే చోట ఇబ్బంది పడతారు. నేను పనిచేసిన ఒకచోట, ఐదేళ్లు పట్టిన ఒక ప్రజాతి సమీక్షను "ఒక్క వ్యాసమే కదా" అని పక్కన పెట్టారు. బాధ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ ప్రజాతి నమూనా ఎక్కడ దొరికినా గుర్తించడానికి ఇవాళ వాడుతున్నది ఆ సమీక్షనే. మీరు మాత్రం ఒక పెద్ద సమీక్ష నడుస్తుండగా, ఇతర రంగాలవాళ్లతో కలిసి ఏడాదికి ఒకటైనా చిన్న వ్యాసం రాస్తూ ఉండండి. జీవావరణంవాళ్లకు, రసాయనశాస్త్రంవాళ్లకు జాతి పేరు సరిగ్గా చెప్పేవాళ్లు ఎప్పుడూ కావాలి. అడిగితే వెంటనే సాయం చేయండి. నాకు వచ్చిన ప్రాజెక్టుల్లో సగం అలా పరిచయమైనవాళ్ల వల్లే వచ్చాయి.

కొత్త జాతి ప్రకటించాలన్న తొందర గురించి ఒక మాట. రెండో ఏడాదిలో నాకు ఒక ఫోలియోజ్ (ఆకుల్లా పరుచుకునే) నమూనా దొరికింది. లోబుల (ఆకు తమ్మెల) అంచున సోరీడియా (లైకెన్ వ్యాపించడానికి రాల్చే పొడి రేణువులు) లేవు, పుస్తకంలో ఉన్న ఏ వర్ణనకూ సరిపోలేదు. కొత్త జాతి అనుకుని వర్ణన రాసేశాను. మా గురువుగారు చదివి, ఏమీ అనకుండా, అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లి పక్క కొమ్మలు చూసి రమ్మన్నారు. వెళ్లి చూస్తే ముదిరినవాటికి సోరీడియా నిండుగా ఉన్నాయి. నేను తెచ్చింది లేతది. ఆ రోజు నుంచి ఒక్క నమూనా మీద ఏదీ తేల్చను. నిజంగా కొత్తదే అయితే టైప్ నమూనాను (ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనా) హెర్బేరియంలో పెట్టాలి, లాటిన్‌లోనో ఇంగ్లిష్‌లోనో వర్ణన ఇవ్వాలి, పేరును శిలీంధ్రాల రిజిస్ట్రీలో నమోదు చేయించి నంబరు తీసుకోవాలి. 2013 నుంచి ఆ నంబరు లేని పేరు చెల్లదు.

వయసు సంగతికి వస్తే, 27 ఆలస్యం కానే కాదు. కెరీ నూడ్సెన్ చాలా ఏళ్లు భవన నిర్మాణ పనుల్లో ఉండి, అది మానుకున్నాకే లైకెన్ల వైపు వచ్చారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ హెర్బేరియంలో లైకెన్ల సేకరణ చూసుకున్నారు. 2007లో శాంటా రోసా ద్వీపంలో సేకరించిన నారింజరంగు లైకెన్‌కి 2009లో కలోప్లాకా ఒబామే అని పేరుపెట్టారు. మీకు ఎమ్మెస్సీ చేతిలో ఉంది, చూసే కన్నుకి ఇంకా 30 ఏళ్ల పని ఉంది.

అప్లికేషన్లు పెట్టేలోపు చేయాల్సినది చెప్తాను. రోజూ వెళ్లగలిగే చోట ఉన్న ఒక చెట్టు ఎంచుకోండి. దాని బెరడు మీద ఎన్ని రకాల లైకెన్లు ఉన్నాయో పేర్లు లేకుండానే లెక్కపెట్టండి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చి పొడిగా ఉన్నప్పుడొకసారి, తడిసినప్పుడొకసారి లెన్సుతో చూసి బొమ్మ గీయండి. తడిస్తే పైపొర పారదర్శకమై లోపలి శైవలం పచ్చగా కనబడుతుంది, రెండు వేరు రకాలనుకున్నవి ఒకటే అని తేలే అవకాశం ఎక్కువ. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం పట్టుకుని దగ్గర్లోని హెర్బేరియం క్యూరేటర్ గారిని కలవండి. అనుమతి లేకుండా రక్షిత ప్రాంతాల్లో ఒక్క తునకా తీయకండి, ఎక్కడైనా సరే ఒక్కటే మిగిలిన థాలస్‌ను అసలు కదపకండి. మీ లెక్క ఎంతకు తేలిందో, ఏ రెండిటి మధ్య తికమకపడ్డారో ఇక్కడ రాస్తే, ఆ రెండిటినీ ఎలా విడదీయాలో నేను చెప్తాను.